ఆరో నెలలో ఎవరు ఫోన్ చేస్తారు?

ఈ మధ్య ఒక బస్సు ప్రమాదం గురించి పత్రికలో చదివాను. బస్సులో పిల్లలున్నారు. కొందరు చనిపోయారు, చాలామంది గాయాలతో బయటపడ్డారు. కారణాలు, విచారణ, పరిహారం అన్నీ రాశాక చివర్లో ఒక్క వాక్యం: ప్రాణాలతో బయటపడ్డ పిల్లలకు నిపుణులతో కౌన్సెలింగ్ ఇప్పించారట. ప్రమాదం జరిగి అప్పటికి రెండు రోజులు కూడా కాలేదు. కట్లు కట్టారు, ఇంజెక్షన్లు చేశారు, కౌన్సెలింగ్ ఇప్పించారు. ఇక ఆ పని తీరిపోయింది అన్నట్టుంది ఆ ముక్క.

నా పేచీ అంతా దానితోనే. ప్రమాదం తర్వాత పిల్లలకూ కుటుంబాలకూ అందే సాయం ఎక్కడైనా తక్కువే, అది అందరూ ఒప్పుకునే మాట. అంతకంటే నన్ను తొలిచేది ఆ కాస్త సాయమూ వచ్చే వేళ. మొదటి వారంలో ఇల్లు పట్టనంత జనం. మూడో నెలకు గడప తొక్కేవారు ఉండరు. పిల్లల విషయంలో అసలు చూడవలసింది ఆ మూడో నెల, ఆరో నెల.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2021లో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 11 లక్షల 90 వేల మంది చనిపోయారు. 5 నుంచి 29 ఏళ్ల లోపు వారి మరణాలకు మొదటి కారణం ఇదే. గాయపడి బతికేవారు ఏటా 2 కోట్ల నుంచి 5 కోట్ల దాకా ఉంటారని అంచనా. ఈ చనిపోయినవారి ఇళ్ళల్లో, మంచాన పడ్డవారి ఇళ్ళల్లో పిల్లలు ఎందరున్నారో ఈ అంకెలు చెప్పవు.

మొదటి వారం మాటలు

బాధను వెంటనే మాటల్లో కక్కించేస్తే మనసు తేలికపడుతుందని ఒక నమ్మకం ఉంది. వినడానికి ఎంత సబబుగా ఉంటుందంటే, దాన్ని పరీక్షించి చూడాలని కూడా చాలాకాలం ఎవరికీ తోచలేదు. 1983లో జెఫ్రీ మిచెల్ అనే అమెరికన్ దీనికి ఒక పద్ధతి తయారుచేశాడు. ఆయన ఉద్దేశించింది అగ్నిమాపక సిబ్బందిని, అంబులెన్సు సిబ్బందిని. ఘోరమైన పని చేసివచ్చిన జట్టు ఒకచోట కూర్చుని జరిగింది వరుసగా చెప్పుకోవడం. ఆ పద్ధతి మెల్లగా జట్టును దాటి, ఆసుపత్రి మంచం మీద ఒంటరిగా ఉన్న బాధితుడి దగ్గరికీ వచ్చింది.

ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధకులు దీన్ని నిజంగా పరీక్షించారు. రోడ్డు ప్రమాదంలో గాయపడి ఆసుపత్రిలో చేరినవారిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపు వారితో ఒకటి రెండు రోజుల్లోనే, ఒక్కొక్కరితో గంటసేపు, జరిగినదంతా చెప్పించారు. రెండో గుంపును వారి మానాన వదిలేశారు. మూడేళ్ల తర్వాత చూసిన ఫలితాలు 2000లో వెలువడ్డాయి. చెప్పించిన గుంపు పరిస్థితే అధ్వానంగా ఉంది. అందులోనూ మొదట్లో బాగా కలత చెందినవారు, అంటే ఎవరికి సాయం కావాలని మనం అనుకుంటామో సరిగ్గా వారే, చెప్పించుకుంటే కోలుకోలేదు. వదిలేసిన గుంపులో అలాంటివారు కోలుకున్నారు.

అది పెద్దవాళ్ళ సంగతి, పిల్లలు వేరు అని అనవచ్చు. నేనూ అదే అనుకుని వెతికాను. ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో 7 నుంచి 18 ఏళ్ల వయసు పిల్లలు 158 మంది మీద ఇలాంటి పరీక్షే చేసి 2006లో ప్రచురించారు. అందరూ రోడ్డు ప్రమాదంలో ఉన్నవారే. ప్రమాదం జరిగిన నెల రోజులకు సగం మందితో ఆ ఘటన గురించి పద్ధతిగా మాట్లాడించారు. మిగతా సగంతో సంబంధం లేని కబుర్లు చెప్పారు. ప్రమాదం జరిగిన ఎనిమిది నెలలకు చూస్తే రెండు గుంపులూ సమానంగా మెరుగుపడ్డాయి. కబుర్లు ఎంత పనిచేశాయో కౌన్సెలింగూ అంతే పనిచేసింది. బ్రిటన్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్ 2018 మార్గదర్శకాల్లో ఈ తరహా ఒక్కసారి చెప్పించే పద్ధతి వద్దనే చెప్పింది.

అలాగని మొదటి నెలలో ఎవరూ ఏమీ చేయనక్కరలేదు అని నేను అనడం లేదు. యేల్ విశ్వవిద్యాలయంలో రూపొందించిన ఒక పద్ధతిలో తల్లిదండ్రులనూ పిల్లవాడినీ కలిపి కొన్నిసార్లు కూర్చోబెడతారు. ఏ లక్షణాలు ఎప్పుడు వస్తున్నాయో ఇద్దరూ గమనించి ఒకరికొకరు చెప్పుకోవడం నేర్పిస్తారు. 2011లో వచ్చిన ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి. ఆస్ట్రేలియాలో గాయపడిన పిల్లలకు ఒక చిన్న పుస్తకం, తల్లిదండ్రులకు వేరే పుస్తకం ఇచ్చి చూస్తే పిల్లల్లో ఆందోళన కొంత తగ్గింది. ఈ రెండింటిలోనూ ఎవరూ వచ్చి కథ చెప్పించలేదు. ఇంటివాళ్ళ చేతికే ఏదో ఇచ్చి వెళ్ళారు. తేడా అక్కడుందని నాకనిపిస్తుంది.

“ఎలా జరిగిందో చెప్పు నాన్నా”

నిజానికి కథ చెప్పించేది కౌన్సెలర్లొక్కరే కాదు. పరామర్శకు వచ్చే ప్రతివారూ ఆ పనే చేస్తారు.

మా పిన్ని కూతురి కుటుంబం కారులో వస్తుండగా ప్రమాదం జరిగింది. మా మరిది కాలు రెండు చోట్ల విరిగి రాడ్ వేశారు. మా చెల్లికి పక్కటెముకలు. వెనుక కూర్చున్న ఎనిమిదేళ్ల వాడికి ఒంటి మీద గీత కూడా పడలేదు. చిన్నపిల్ల ఆ రోజు అమ్మమ్మ దగ్గర ఉండిపోయింది. అందరూ అన్న మాట ఒకటే: పిల్లలకు ఏమీ కాలేదు, అదే పదివేలు.

వచ్చినవారు మంచం మీద ఉన్నవారిని అడగలేక వాడిని అడిగేవారు. వాడు మొదట్లో నసిగేవాడు. పోనుపోను పాఠం అప్పజెప్పినట్టు చెప్పడం నేర్చుకున్నాడు. లారీ ఏ వైపు నుంచి వచ్చిందో చేతులతో చూపించేవాడు. అద్దం పగిలిన చప్పుడు నోటితో చేసేవాడు. “ఎంత ధైర్యం వీడికి” అని మెచ్చుకున్నవారే అందరూ. ఒక పెద్దాయన మళ్ళీ మొదటినుంచి చెప్పించుకున్నారు కూడా.

వాడు ఆ కథలో ప్రతిసారీ ఒక ముక్క వదిలేసేవాడని చాలా నెలల తర్వాత తెలిసింది. కారు ఆగాక వాడు “నాన్నా” అని పిలిచాడు. నాన్న పలకలేదు. స్పృహలో లేడు. మళ్ళీ మళ్ళీ పిలిచాడు. అది ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా. లారీ సంగతి అడిగారు, ఎవరి తప్పని అడిగారు.

మా మరిది మళ్ళీ కారు నడపడం మొదలుపెట్టాకే అది బయటపడింది. వాడు వెనుక సీటు మధ్యలోకి జరిగి, మెడ సాచి, ముందున్న అద్దంలో తండ్రి కళ్ళు కనబడేలా కూర్చునేవాడు. ఆయన కాసేపు మాట్లాడకపోతే ఏదో ఒకటి అడిగేవాడు. టైమెంత, ఇంకెంత దూరం, ఆ బోర్డు మీద ఏం రాసుంది. జవాబు రాగానే వెనక్కి ఆనుకునేవాడు. మళ్ళీ కాస్త నిశ్శబ్దం కాగానే ఇంకో ప్రశ్న. “వీడికి ఈ మధ్య నోరు బాగా లేచింది” అని ఇంట్లో నవ్వుకునేవారు. బడిలో మాత్రం నోరు విప్పడం లేదని టీచరు చెప్పేదాకా ఎవరికీ అనుమానం రాలేదు.

తమంతట తాముగా కోలుకునే పిల్లలు

ఇక్కడ నా వాదనకు ఎదురు నిలిచే నిజం ఒకటి ఉంది. దాన్ని దాటవేయకూడదు. చాలామంది పిల్లలు ఏ సాయమూ లేకుండానే బాగుపడతారు. రకరకాల భయానక ఘటనలను చూసిన పిల్లల మీద జరిగిన అధ్యయనాలను కలిపి 2014లో లెక్కవేస్తే, దీర్ఘకాలం వదలని మానసిక గాయం, అంటే వైద్యులు పీటీఎస్‌డీ అనేది, పట్టుకున్నవారు 15.9 శాతం తేలారు. ఆరుగురిలో సుమారు ఒకరు. మిగతా అయిదుగురూ కొన్నాళ్ళు పక్క తడిపి, రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచి, బొమ్మ కార్లను ఢీకొట్టించి ఆడుకుని, మెల్లగా మామూలైపోతారు. కాబట్టి ప్రమాదం చూసిన ప్రతి పిల్లవాడినీ మొదటి వారంలోనే వైద్యుడి దగ్గర కూర్చోబెట్టడం అనవసరం, ఒక్కోసారి హానికరం కూడా. “పిల్లలు మరిచిపోతారులే” అనే పెద్దవాళ్ళ మాటలో సగానికి పైగా నిజముంది.

మిగిలిన సగంతోనే చిక్కు. ఆ ఆరో పిల్లవాడు ఎవరో మొదటి వారంలో తెలియదు. ఏడ్చినవాడు కాకపోవచ్చు, చేతులు తిప్పుతూ కథ చెప్పినవాడు కావచ్చు. పిల్లల్లో ఈ లక్షణాలు ఏడాది పొడవునా ఎలా మారతాయో చూసిన అధ్యయనాలను 2016లో ఒకచోట చేర్చి చూశారు. దానంతట అది తగ్గడం చాలావరకు మొదటి ఆరు నెలల్లోనే జరుగుతుంది. అప్పటికీ తగ్గనిది ఆ తర్వాత ఊరికే తగ్గుతుందని చెప్పడానికి ఆధారాలు పెద్దగా దొరకలేదు. అంటే కొన్నాళ్ళు ఆగి చూడటం మంచిదే, కానీ చూసేవారు ఒకరుండాలి. చూడకుండా ఆగడం వేరే సంగతి, అది వదిలేయడం.

తల్లిదండ్రులు చూస్తారు కదా అంటే, వారొక్కరితో సరిపోదు. తల్లిదండ్రులు చెప్పినదాన్నీ పిల్లలు స్వయంగా చెప్పినదాన్నీ పోల్చిన అధ్యయనాల్లో రెండూ అంతంతమాత్రంగానే కలిశాయి. అందులో వారి తప్పేమీ లేదు. ఒకరు మంచం మీద, ఇంకొకరు ఆసుపత్రికీ భీమా కార్యాలయానికీ పోలీస్ స్టేషన్‌కీ మధ్య. పైగా పిల్లలు దాస్తారు. అమ్మ ఇప్పటికే ఏడుస్తోంది, ఇంకా ఏడిపించడం ఎందుకని దాస్తారు. మరీ చిన్నపిల్లలకైతే చెప్పే మాటలే ఉండవు. ఆరేళ్లు, అంతకు లోపు పిల్లల్లో ఈ జబ్బును గుర్తించడానికి అమెరికన్ మానసిక వైద్యుల సంఘం విడిగా ప్రమాణాలు పెట్టింది 2013లో మాత్రమే. అప్పటిదాకా పెద్దలకు పెట్టిన కొలతలతోనే వారినీ చూసేవారు, సహజంగానే చాలామంది లెక్కలోకి వచ్చేవారు కాదు.

అసలు కారులోనే లేని పిల్ల

అమ్మమ్మ దగ్గర ఉండిపోయిన చిన్నదాని సంగతి చెప్పాలి. అయిదేళ్లది. ప్రమాదాన్ని చూడలేదు. ఎవరూ దాన్ని ఏమీ అడగలేదు. అడగడానికి దానికి తెలిసిందేముంది?

మా మరిది తిరగడం మొదలుపెట్టిన తర్వాత ఇంట్లో తాళాలు పోవడం మొదలైంది. స్కూటర్ తాళం ఒకరోజు, కారు తాళం ఇంకోరోజు. వెతికి వెతికి విసిగి ఆటోలో వెళ్ళేవారు. అల్లరి అనుకుని ఒకసారి చెయ్యి చేసుకున్నారు కూడా. చివరికి తాళాలు దాని పెన్సిల్ పెట్టెలో, రంగు పెన్సిళ్ళ కింద దొరికాయి. ఎందుకు దాచావని వాళ్ళ అమ్మమ్మ మెల్లగా అడిగితే, “తాళం లేకపోతే కారు వెళ్ళదు కదా” అంది. ఆ మాటకు అర్థం వివరించడానికి ఏ నిపుణుడూ అవసరం లేకపోయింది.

సాయం చేసే వ్యవస్థలు ఉన్నచోట కూడా ఇలాంటి పిల్లకు చోటు దొరకడం కష్టం. న్యూజిలాండ్‌లో 1974 నుంచి అమల్లో ఉన్న ప్రమాద పరిహార పథకం ప్రపంచంలో చాలామంది మెచ్చుకునేది. తప్పెవరిదని అడగదు, కోర్టుకు తిప్పదు, గాయపడితే చాలు. మానసిక గాయానికీ వర్తిస్తుంది, కానీ రోడ్డు ప్రమాదంలో సాధారణంగా అది ఆ మనిషికే తగిలిన ఒంటి గాయం వల్ల వచ్చి ఉండాలి. అంటే అద్దంలో తండ్రి కళ్ళు వెతుక్కునే పిల్లవాడికీ, తాళాలు దాచే పిల్లకూ అక్కడ దారి మూసుకుపోయినట్టే. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1987 నుంచి నడుస్తున్న రవాణా ప్రమాద పథకం కొంత నయం. చనిపోయినవారి, తీవ్రంగా గాయపడినవారి కుటుంబ సభ్యులకు, వారు ఆ వాహనంలో లేకపోయినా, కౌన్సెలింగ్ ఖర్చు భరిస్తుంది. పరిమితులున్నాయి, అయినా ఇంట్లో మిగిలినవారు కూడా బాధితులేనని చట్టంలో రాసుకున్నారు.

చనిపోయినవారి పిల్లల సంగతి ఇంకా కష్టం. నాన్న ఊరెళ్ళాడు, వస్తాడు అని చెప్పే ఇళ్ళు చూశాను. అయిదేళ్ల పిల్లకు మరణం అంటే తిరిగి రాకపోవడమని పూర్తిగా తెలియదు కాబట్టి ఆ అబద్ధం కొన్నాళ్ళు నడుస్తుంది. తర్వాత బడిలో ఇంకో పిల్లవాడు నిజం చెప్పేస్తాడు. చనిపోయాడు అని మొదటే, సూటిగా, ఇంట్లోవారే చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ ఒక్క మాట ఎలా చెప్పాలో తల్లికి నేర్పే మనిషి ఆ పూట పక్కన ఉంటే, మొదటి వారంలో నిజంగా పనికొచ్చే సాయం అదే.

విమానానికి ఒక లెక్క, బస్సుకు ఒక లెక్క

వాహనాన్ని బట్టి కుటుంబం విలువ మారడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. 1996లో మే నెలలో ఒకటి, జూలైలో ఒకటి అమెరికాలో రెండు పెద్ద విమానాలు కూలాయి. చనిపోయినవారి కుటుంబాలు తమకు సమాచారం కూడా సరిగా ఇవ్వలేదని ఊరుకోకుండా పోరాడాయి. అదే ఏడాది అక్టోబరులో ఏకంగా ఒక చట్టం వచ్చింది. కుటుంబాలకు సాయం సమన్వయం చేసే బాధ్యత రవాణా భద్రతా బోర్డుది. మానసిక ఆసరా చూసుకోవడానికి ఒక స్వచ్ఛంద సంస్థను నియమించాలి. విమాన సంస్థ ముందుగానే సాయ ప్రణాళిక రాసి ఇవ్వాలి. లాయర్లు కేసుల కోసం కుటుంబాల వెంటపడకుండా గడువు పెట్టారు, అది ఇప్పుడు 45 రోజులు. ఆ వివరాలు చదువుతుంటే, ఏడ్చే మనిషికి ఏమేం కావాలో ఎవరో కూర్చుని ఓపికగా ఆలోచించారని తెలుస్తుంది.

ఐరోపా సంఘంలో రైలు ప్రమాదంలో ప్రయాణికుడు చనిపోతే, పరిహారం ఎవరికి చెందాలో తేలిన 15 రోజుల్లో కనీసం 21,000 యూరోలు ముందస్తుగా ఇవ్వాలి. బస్సు ప్రయాణికుల కోసం 2011లో చేసిన నియమాల్లోనూ తక్షణ సాయం ఉంది: తిండి, బట్టలు, ప్రయాణం, అవసరమైతే బస. ఆ బసకు మాత్రం సంస్థ పరిమితి పెట్టుకోవచ్చు, రాత్రికి 80 యూరోలు, గరిష్ఠంగా రెండు రాత్రులు. ఇక సొంత కారులో, బైకు మీద, నడుస్తూ ప్రమాదానికి గురైనవారికి? వారికి ప్రయాణ సంస్థే లేదు. కాబట్టి ప్రణాళిక రాసేవారూ లేరు.

విమానం కూలితే వందలమంది ఒకేచోట, ఒకేసారి పోతారు, అందుకే అంత ఏర్పాటు అంటారు. ఏర్పాటు సులువన్న మాట నిజమే. చెదురుమదురుగా, రోజుకొకరు చొప్పున పోయేవారి ఇళ్ళను వెతుక్కుంటూ వెళ్ళడం కష్టం. కానీ ఆ ఇంట్లో పిల్ల నిద్రలేమికి పక్కింట్లో ఇంకెంతమంది చనిపోయారన్నదానితో పనిలేదు.

అయితే ఏం చేయాలి, ఎవరు చేయాలి

నాకు కావలసింది చిన్న ఏర్పాటు. ప్రమాదం ఫైలులో ఒక గడి ఉండాలి: ఆ ఇంట్లో పిల్లల పేర్లు, వయసులు, చదివే బడి. వాహనంలో ఉన్నవారూ లేనివారూ అందరూ. మొదటి నెల నిండాక ఒకసారి, మూడో నెలలో ఒకసారి, ఆరో నెలలో ఒకసారి ఒకరు ఫోన్ చేయాలి. కుటుంబం అడిగితే చేయడం కాదు. దుఃఖంలో ఉన్నవారిని దరఖాస్తు చేసుకోమనడమే అసలు అన్యాయం. ప్రమాదం గురించి ఒక్క మాటా అడగనక్కరలేదు. నిద్ర ఎలా ఉంది, బడికి వెళ్తున్నాడా, కడుపునొప్పి అంటున్నాడా, వాహనం ఎక్కడానికి మొండికేస్తున్నాడా. వీలైతే పిల్లవాడితో విడిగా కాసేపు. దీనికి నిపుణుడు అక్కరలేదు. జవాబులు బాగాలేకపోతే అప్పుడు నిపుణుడు. ఆ దశలో చికిత్స పనిచేస్తుందా అంటే, 2017లో బ్రిటన్‌లో ఒక చిన్న పరీక్ష జరిగింది. ప్రమాదాల వంటి ఒకే ఒక్క ఘటన జరిగి రెండు నుంచి ఆరు నెలలైనా జబ్బు వదలని పిల్లలు 29 మంది. పది వారాల చికిత్స పొందినవారిలో 71 శాతం మంది జబ్బు నుంచి బయటపడ్డారు. చికిత్స కోసం వేచి ఉన్నవారిలో 27 శాతమే. చిన్న లెక్కే, పెద్ద మాటలు చెప్పలేం. కానీ ఆలస్యమైతే ఇక లాభం లేదనే నిరాశకు అది జవాబు.

ఫోన్ చేసి అడగడమే గుర్తుచేయడం అవుతుందని మా చెల్లి అత్తగారు అంటారు. నిద్ర గురించి అడిగితే లారీ గుర్తొస్తుందని నేను అనుకోను. వద్దన్న కుటుంబాన్ని మాత్రం వదిలేయాలి, దానికి నా అభ్యంతరం లేదు.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసిన అభ్యంతరం వాహన భీమా విభాగంలో పనిచేసే ఒక మిత్రుడిది. ఫైలు ఉండేది భీమావాళ్ళ దగ్గర, డబ్బూ వారి దగ్గరే, కాబట్టి ఫోన్ వారే చేయాలని నేను అన్నాను. ఆయన తల అడ్డంగా తిప్పాడు. “తల్లి మాతో ‘బాగానే ఉన్నాడండీ’ అంటే, రేపు కేసులో అదే కాగితం అవుతుంది. మేము అవతలి పక్షం. మాకు నిజం చెప్పకూడదు వాళ్ళు.” దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. పరిహారం తేలేదాకా బాధ తగ్గిందని చెప్పడం నష్టం, తగ్గలేదని చెబితే అనుమానం. ఇద్దరి మధ్యా పిల్లవాడి నిద్ర.

ఆసుపత్రి చేయవచ్చు, కానీ ఒంటి మీద గీత పడనివాడు వారి రోగి కాడు, కారులో లేని పిల్ల అసలే కాదు. మిగిలింది బడి. రోజూ ఆరేడు గంటలు చూసేది వారే, కేసుతో సంబంధం లేనిదీ వారే. అభ్యంతరాలు ఇక్కడా ఉన్నాయి. టీచర్లకు ఇప్పటికే తలకు మించిన పని. పైగా సంపాదించే మనిషి పోయిన కుటుంబాలు ఇల్లు మారతాయి, పిల్లలు బడి మారతారు. మా మేనల్లుడి టీచరును అడిగితే ఒక్కటే అన్నారు: “చూడమంటే చూస్తామండీ. ప్రమాదం జరిగిందని మాకు చెప్పేదెవరు?”

నిజమే, ఎవరూ చెప్పలేదు. సెలవు చీటీలో “ఇంట్లో అనారోగ్యం” అని రాశారు. అందుకే చట్టం, పథకం వచ్చేదాకా ఆగకుండా రేపటి నుంచే చేయగలిగింది ఒకటుందనుకుంటున్నాను. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీతో పాటు బడికి ఇవ్వడానికి ఒక కాగితం ఇవ్వాలి. ఇంట్లో ఫలానా తేదీన ప్రమాదం జరిగింది, ఈ పిల్లల్ని ప్రమాదం గురించి అడగకండి, గమనించండి, మొదటి నెలకూ మూడో నెలకూ ఆరో నెలకూ తల్లితో ఒకసారి మాట్లాడండి అని అందులో ఉండాలి. ఆ మూడు తేదీలూ ముందే వేసి ఇవ్వాలి. బడి మారితే బదిలీ పత్రంతో పాటు అదీ వెళ్తుంది. తల్లిదండ్రులకు ఇష్టం లేకపోతే బడికి ఇవ్వరు, అంతే.